ఏఐ ఉండగా కంప్యూటర్ చదువు ఎందుకంటే: ఆరు క్వింటాళ్ల చెనిక్కాయల లెక్క

కల్యాణదుర్గం నుంచి ఇంటర్ ఎంపీసీ అయిన అమ్మాయి అడిగింది: "ప్రోగ్రాములన్నీ ఏఐ రాసిపెడుతుంటే అనంతపురంలో కంప్యూటర్ సైన్స్‌లో చేరడం దండగా? చేరితే ల్యాప్‌టాప్ కొనాల్సిందేనా?"

చేరమ్మా, దండగ కాదు. ఏఐ రాసిన ప్రోగ్రాం ఎక్కడ తప్పుతుందో పట్టుకునేవాళ్లకే ఇకపై పని. ఆ పట్టు ఎలా దొరుకుతుందో ఒక్క ల్యాబ్ లెక్కలో చూడు.

చాలా కాలేజీ ల్యాబుల్లో సీ భాష ప్రోగ్రాములు నడపడానికి ఇంకా టర్బో సీనే. విండోస్‌కు ముందటి డాస్ కాలం నాటిది, 64 బిట్ల విండోస్‌లో నేరుగా నడవదు కాబట్టి డాస్‌లా నటించే డాస్‌బాక్స్‌లో పెట్టి నడుపుతారు. క్వింటా ధర, క్వింటాళ్లు ఇస్తే మొత్తం చెప్పే ప్రోగ్రాం అడిగితే ఏఐ పది వరసల్లో రాసిస్తుంది. ధర 6000, ఐదు క్వింటాళ్ల చెనిక్కాయలు అంటే 30000 వస్తుంది. ఆరు ఇవ్వు. తెరమీద -29536 పడుతుంది. పరీక్ష పెట్టడానికి బయట నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ సారు పక్కనే నిలబడి "కాయలమ్మిన రైతే ఎదురు కట్టాల్నా?" అంటే, దించుకొచ్చిన పిల్లలకు నోరు పెగలదు.

కారణం ఇది. టర్బో సీలో ఇంట్‌కు, అంటే పూర్ణసంఖ్య పెట్టుకునే పెట్టెకు, 16 బిట్లే (బిట్ అంటే 0 గానీ 1 గానీ పట్టే గడి). వాటితో 65536 విలువలు రాయొచ్చు. సగం మైనస్‌లకు పోతే ప్లస్ వైపు 32767 దగ్గర ఆగిపోతుంది. 36000 ఆ గట్టు దాటి, చుట్టు తిరిగి మైనస్‌లో తేలింది. 36000లోంచి 65536 తీసేసి చూడు, సరిగ్గా ఆ అంకే.

అసలు చిక్కు తర్వాతుంది. మొత్తాన్ని ఇంట్ కంటే పెద్ద పెట్టె అయిన లాంగ్‌గా మార్చి, తెరమీద చూపే ప్రింట్‌ఎఫ్‌లో శాతం గుర్తు పక్కన ఎల్‌డి పెట్టి మళ్లీ నడుపుతారు. మళ్లీ -29536! గుణకారం ముందు జరుగుతుంది, జవాబు పెట్టెలో పడేది ఆ తర్వాత. ధర, క్వింటాళ్లు రెండూ ఇంట్ అయితే గుణకారమూ ఇంట్‌లోనే జరిగి, చెడిపోయిన జవాబే పెద్ద పెట్టెలో పడుతుంది. గుణించే చోటే ధర ముందు బ్రాకెట్లో లాంగ్ అని రాయి, 36000 వస్తుంది. ధరనే లాంగ్ చేస్తే అంకె చదువుకునే స్కాన్‌ఎఫ్‌లోనూ ఎల్‌డి పెట్టాలి. లేకుంటే నాలుగు బైట్లలో రెండే నిండి పిచ్చి అంకె వస్తుంది.

ఇప్పటి సీ కంపైలర్ (ప్రోగ్రాంను మెషీన్‌కు అర్థమయ్యేలా మార్చేది) జీసీసీలో ఇదే ప్రోగ్రాం చక్కగా నడుస్తుంది, అక్కడ ఇంట్‌కు 32 బిట్లు. రోగం పోలేదు, దూరం జరిగిందంతే: 2147483647 దగ్గర కాచుకునుంటుంది. మార్కెట్ యార్డు లెక్క పైసల్లో రాస్తే 2 కోట్ల 14 లక్షల రూపాయల పైచిలుకుకే నిండిపోతుంది. అప్పుడు ఇంకా పెద్ద పెట్టె లాంగ్ లాంగ్ వాడాలి. విండోస్‌లో ఉత్త లాంగ్ కూడా 32 బిట్లే మరి.

నాకు కోపమొచ్చేది ల్యాబ్ రికార్డులు రాయించే తీరు మీద. అవుట్‌పుట్ సైతం సీనియర్ రికార్డు చూసి దించుతారు, ఆ మైనస్ ఎవరి కంటా పడదు. చివరి ఏడాది ప్రాజెక్టును డబ్బిచ్చి తెచ్చుకోవడం అంతకంటే ఘోరం. టేబుల్‌లో ఒక్క కాలమ్ కలిపి చూపించమంటే వైవా అక్కడే ముగుస్తుంది.

ల్యాప్‌టాప్ సంగతి. మొదటి ఏడాదికి ఫోనే చాలు. ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్‌ల స్టోర్ నుంచి, ఫోన్‌లో కమాండ్లు కొట్టనిచ్చే టెర్మక్స్ యాప్ ఎక్కించుకుని, అందులో pkg install clang అని కొట్టు (క్లాంగ్ సీ కంపైలర్), పైథాన్ భాషకూ అంతే. ప్రోగ్రాం ఫైళ్లను డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో పెట్టొద్దు. కంపైల్ అవుతుంది గానీ నడపబోతే పర్మిషన్ డినైడ్ అంటుంది, ఎందుకంటే ఫోన్ ఉమ్మడి స్టోరేజీలో ప్రోగ్రాములు నడపడాన్ని ఆండ్రాయిడ్ ఆపేస్తుంది. టెర్మక్స్ సొంత హోం ఫోల్డర్లో పెట్టుకో. రెండో ఏడాదికి 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న వాడిన ల్యాప్‌టాప్ తీసుకుని లినక్స్ వేసుకో. ఈఎంఐ కట్టి గేమింగ్ ల్యాప్‌టాప్ కొనకు.

ఏఐ వాడొద్దనను. జవాబు ఎంత రావాలో ముందు కాగితం మీద వేసుకుని, తర్వాత అడుగు.

పైథాన్ ఎక్కగానే ఒక పని చెయ్. కడప, కర్నూలు, ఈ రెండు పేర్ల పొడవు len తో అడుగు. మన కంటికి రెండూ మూడేసి అక్షరాలు. కడపకు 3 అంటుంది, కర్నూలుకు 7: క, ర, పొల్లు, న, కొమ్ముదీర్ఘం, ల, కొమ్ము. అక్షరాలను బైట్లలో దాచే పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 21. కర్నూలును తిరగేస్తే ముందొచ్చేది 'లు' కాదు, ఒంటరి కొమ్ము. ఫారంలో పేరు పది అక్షరాలు దాటొద్దని పెట్టినవాళ్లకు ఇది తెలియకపోతే, తెలుగులో పేరు రాసుకున్న మనిషికి కార్డు మీద సగం పేరే పడుతుంది.