మేడంకి మాట రాదా?

ఈ వారం ఉత్తరాలన్నీ స్కూళ్లలో పనిచేసే స్పీచ్ థెరపిస్టులవే. నేనూ ముప్పై ఏళ్లు ఆ పనే చేశాను. ఇప్పుడు పాలకొల్లులో విశ్రాంతి తీసుకుంటున్నానని మా ఇంట్లోవాళ్లు నమ్ముతున్నారు.

ప్రశ్న: నా వయసు 27. ఐదు స్కూళ్లకు తిరుగుతూ 46 మంది పిల్లలను చూస్తున్నాను. వారంలో రెండు రోజులు పంటు ఎక్కి, గోదావరి మీదుగా సఖినేటిపల్లి రేవుకు దాటాలి. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు కూడా దక్కడం లేదు. రెండు నెలలుగా సాయంత్రమయ్యేసరికి గొంతు బొంగురుపోతోంది. తల్లులేమో "ఆటలే కదండీ ఆడిస్తున్నారు" అంటారు. రాత్రి కళ్లు మూసుకుంటే మాట రాని పిల్లల ముఖాలే కనిపిస్తున్నాయి. ఈ ఉద్యోగం నాకు సరిపడదేమో? — ఒక సోదరి, నరసాపురం

జవాబు: అమ్మా, ఉద్యోగం సంగతి తరవాత. ముందు గొంతు. రెండు నెలల బొంగురు మిరియాల పాలతో పోయేది కాదు. మూడు వారాలకు మించి గొంతు బాగుపడకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరు చేత స్వరపేటిక చూపించుకోవాలని మీరు ఎంతమంది టీచర్లకు చెప్పి ఉంటారు? మీకు మీరు మాత్రం చెప్పుకోలేదు.

నేనూ చెప్పుకోలేదు. నలభయ్యో ఏట నాలుగు నెలలు అలాగే నెట్టుకొచ్చాను. చివరికి కాకినాడలో డాక్టరు చూసి, స్వరతంత్రుల మీద బుడిపెలు లేచాయన్నారు. రెండు వారాలు అత్యవసరమైతే తప్ప నోరు విప్పవద్దన్నారు. గుసగుసలు కూడా వద్దు, వాటితోనూ గొంతు బిగుసుకుంటుందన్నారు. సెలవు దొరకలేదు. నోరు మూసుకునే పనిలోకి వెళ్లాను.

అప్పట్లో నా దగ్గరికి అయిదేళ్ల పిల్లవాడు ఒకడు వచ్చేవాడు. తల్లి కువైట్‌లో ఇంటిపని చేస్తుంటే అమ్మమ్మ పెంచుతోంది. ఇంట్లో నాలుగు ముక్కలు మాట్లాడతాడట, నా ముందు మాత్రం తల ఊపడమే. "ఇది ఏమిటి? కాకి. అను నాన్నా, కాకి" అంటూ ఆరు నెలలు నేను చెవిలో జోరీగలా తిరిగాను. ఆ మౌనవ్రతం మొదటి రోజున, చేసేదేమీ లేక, బేసిన్‌లో నీళ్లు పోసి కొబ్బరి డొప్ప వదిలి ఊరుకున్నాను. వాడు డొప్పను చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ డొప్పను చూశాడు. నేను కదల్లేదు. చివరికి అమ్మమ్మ వైపు తిరిగి, "మేదంకి మాత లాదా?" అని అడిగాడు.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆరు నెలలుగా ఆ గదిలో వాడికి మాట్లాడే సందు ఇవ్వనిది నేనేనని అప్పుడు తెలిసింది.

మీ గొంతు పోవడమూ, పిల్లలు పలకకపోవడమూ రెండు వేరు వేరు కష్టాలన్నట్టు మీరు రాశారు. నాకు ఒకే కష్టంలా కనిపిస్తోంది. అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. మొదట్లో ఆ పది పంటు కోసం రేవులో కూర్చున్నంత సేపు ఉంటుంది. పిల్లవాడు మాట వెతుక్కునేది ఆ వ్యవధిలోనే. మనం మూడు దగ్గరే తొందరపడి జవాబు అందించేస్తాం.

ధ్వనుల పని కూడా తక్కువ మాటలతో అవుతుంది. "గోదావరి"ని "దోదావలి" అనే పిల్లలు మీ దగ్గర కనీసం అరడజను మంది ఉంటారు. అందులో రెండు విషయాలున్నాయి. ర ఆలస్యంగా కుదిరే ధ్వని, చిన్నపిల్లల్లో దానికోసం కంగారు పడకండి. క, గ బదులు త, ద వస్తుంటే, అదీ ఒకటో తరగతికి వచ్చాక కూడా ఉంటే, పట్టించుకోవలసిందే. నాలుక వెనక భాగం లేవవలసిన చోట కొన లేస్తోంది. వందసార్లు "క క క" అనిపించకండి. రెండు బొమ్మలు పెట్టండి: ఒకటి కోట, ఒకటి తోట. వాడికి కోట కావాలి, నోటి నుంచి "తోట" వస్తుంది. మీరు మాట్లాడకుండా కొబ్బరి తోట బొమ్మ చేతిలో పెట్టండి. వాడికి ఒళ్లు మండుతుంది. ఆ మంటలోనే నాలుక కొత్త దారి వెతుకుతుంది. కల–తల కూడా ఇలాగే పనికొస్తాయి. ఈ ఆట ముగ్గురిని కలిపి ఆడించవచ్చు, ఒకడి తప్పు ఇంకొకడు పట్టుకుంటాడు. అందుకే అంటున్నాను, 46 మందిని 46 వరసలుగా చూడకండి. ఒకే ధ్వని దగ్గర ఆగినవాళ్లను ముగ్గురేసి కలపండి. కొందరిని ఆరు వారాలు గట్టిగా చూసి, తరవాత ఆరు వారాలు ఇంటికీ టీచరుకీ అప్పగించండి. ఆ సమయం ఇంకొకరికి వస్తుంది. అసలు మాటే మొదలుకాని పిల్లలను మాత్రం గుంపులో కలపవద్దు.

బుడగలు ఊదించడం, కొవ్వొత్తి ఆర్పించడం లాంటివి మీరూ చేయిస్తున్నారేమో. ఊదడం వస్తే మాట వస్తుందన్నది ఉత్త నమ్మకం. ఒకసారి నేను ఆత్రేయపురం నుంచి పూతరేకులు చుట్టే ఉత్త రేకులు తెప్పించి నోటి ముందు పట్టాను, ప అన్నప్పుడు గాలి ఎలా తన్నుతుందో, మ అన్నప్పుడు ఎలా తన్నదో చూపిద్దామని. పిల్లలు ఊది, తడిపి, తినేశారు. అంతకు మించి ఫలితం రాలేదు.

"ఆటలే కదా" అనే తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని, కోట–తోట ఆట ఆవిడ చేతే ఆడించండి. రెండో రోజుకు ఆ మాట అనదు. ఇంటికి పంపే నోటుబుక్కులో వారానికి ఒక్క వాక్యమే రాయండి: "అన్నం పెట్టే ముందు పప్పు కావాలా, పెరుగు కావాలా అని అడిగి ఆగండి." పది వాక్యాలు రాస్తే ఒక్కటీ జరగదు. ఇంట్లో తల్లి లేకపోతే ఎవరుంటే వాళ్లే. నేను చెప్పిన పిల్లవాడి తల్లి శుక్రవారం శుక్రవారం ఫోను చేసేది. "మాట్లాడు నాన్నా" అని బతిమాలడం మానేసి, తాను ఆ రోజు ఏం వండిందో చెప్పి ఊరుకోమన్నాను. వాడు ఎదురు ప్రశ్నలు వేయడానికి ఎన్నాళ్లో పట్టలేదు.

ఇక ఎవరూ రాయని విషయం ఒకటి. గొంతుకు నీళ్లు తాగమని అందరూ చెబుతారు. ఆడవాళ్లం ఎందుకు తాగమో నాకు తెలుసు. వెళ్లిన స్కూల్లో బాత్‌రూముకు తాళం ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో అడగడానికి సిగ్గు. స్కూల్లో అడుగుపెట్టగానే రిజిస్టరులో సంతకం కన్నా ముందు ఆ తాళంచెవి అడగండి. పంటు ఇంజను మోతలో ఫోను మాట్లాడకండి, ఆ మోతను దాటడానికి మీకు తెలియకుండానే అరుస్తారు. మాటిమాటికీ గొంతు సవరించుకునే అలవాటుంటే, బదులుగా ఒక గుక్క మింగండి.

రాత్రి కనిపించే ముఖాల గురించి: వాటిని పోగొట్టే మందు నా దగ్గర లేదు, నాకూ ఇప్పటికీ రెండు మూడు కనిపిస్తాయి. ఒక చిన్న అలవాటు మాత్రం పనికొచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు రేవులోనే ఆ రోజు రాతపని ముగించి, బ్యాగు జిప్పు వేసేసేదాన్ని. ఒడ్డు దిగాక తెరిచేదాన్ని కాదు. డాక్టరుకు చూపించుకుని రెండు నెలల తరవాత మళ్లీ రాయండి. ఉద్యోగం సంగతి అప్పుడు మాట్లాడదాం.

ప్రశ్న: మా స్కూల్లో ఏడో తరగతి అబ్బాయికి నత్తి. ప్రార్థనలో అందరితో కలిసి చక్కగా పాడతాడు కాబట్టి పాఠం చదవమన్నప్పుడు నటిస్తున్నాడని హెడ్‌మాస్టరుగారి అభిప్రాయం. నోట్లో గులకరాళ్లు పెట్టుకుని చదవమన్నారు. మినహాయింపు కావాలంటే వికలాంగ సర్టిఫికెట్ తెమ్మంటున్నారు. వార్షికోత్సవానికి బాగుచేసి చూపించమని నాకు గడువు కూడా పెట్టారు. — భీమవరం

జవాబు: పదిమందితో కలిసి పాడేటప్పుడు నత్తి తగ్గిపోవడం చాలామందిలో కనిపించేదే. అది నటనకు సాక్ష్యం కాదు, నత్తి లక్షణమే. గులకరాళ్లతో వచ్చేది పొలమారడం. సర్టిఫికెట్ దారిలో వెళ్లకండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెప్పిన 21 రకాల్లో మాట, భాషల వైకల్యం ఉన్నమాట నిజమే. కానీ అక్కడ చెప్పింది స్వరపేటిక తీసివేయడం, మెదడు దెబ్బతిని మాట పోవడం వంటి శాశ్వత స్థితుల గురించి. మామూలు నత్తి అందులో ఇమడటం కష్టం. ఒక పిల్లవాడిని తన వాక్యం తానే పూర్తి చేయనివ్వడానికి కాగితం అవసరమా?

హెడ్‌మాస్టరుగారితో వాదన పెట్టుకోకుండా మూడు పనులు అడగండి. హాజరు పిలిచినప్పుడు చెయ్యెత్తితే చాలనాలి. ఫలానా అక్షరం దగ్గర ఫలానా క్షణంలో పలికి తీరాలంటే నత్తి ఉన్నవాళ్లకు అంతకన్నా గండం లేదు, "ప్రెజెంట్ సర్"లో ఆ "ప్ర" దగ్గరే సగం మంది ఆగిపోతారు. (మన వైపు "ఆయ్" అంటే సరిపోయే రోజుల్లో ఈ బాధ కొంత తక్కువగా ఉండేదేమో.) పాఠం చదివించేటప్పుడు పక్కవాడితో జంటగా చదివించాలి. మధ్యలో మాట అందించకూడదు. గడువు విషయంలో మాత్రం మెత్తబడకండి. "తగ్గిస్తాను" అని కూడా మాట ఇవ్వవద్దు. వాడు తడబడుతూనే చెయ్యెత్తి సందేహం అడిగిన రోజు ఆయనను పిలిచి చూపించండి. వేదిక ఎక్కాలా వద్దా అన్నది ఆ అబ్బాయినే అడగండి, ఇంతవరకు ఎవరూ అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు.

ప్రశ్న: నా దగ్గరికి వచ్చే నాలుగేళ్ల పాపకు మాటలు తక్కువ. నాయనమ్మ వస కొమ్ము అరగదీసి పాప చేత నాకిస్తోంది. నాలుక కింద నరం కోయించాలని కూడా పట్టుబడుతోంది. వద్దంటే నా మీద కోపం. — అంబాజీపేట

జవాబు: వసతో మాట రాదు. గలగలా మాట్లాడేవాళ్లను వసపిట్ట అంటాం కదా అని పాపకు నాకించవద్దని చెప్పండి. నాలుక బయటికి చాపగలిగి, పై పళ్లను అందుకోగలిగితే కత్తెర జోలికి వెళ్లవద్దు. మాటలు ఆలస్యం కావడానికి ఆ నరం కారణం కావడం అరుదు. మీ ఉత్తరంలో చెవి మాటే లేదేమిటి? మాట తక్కువగా ఉన్న ప్రతి బిడ్డకూ మొదటి పని వినికిడి పరీక్ష. జలుబు చేసినప్పుడల్లా చెవి కారుతుందా, కారితే నూనె పోస్తున్నారా, ఈ రెండూ నాయనమ్మనే అడగండి. నూనె వెంటనే మానిపించండి. పరీక్షకు పాపతోపాటు ఆవిడనూ తీసుకెళ్లండి, గది బయట కాదు, లోపల కూర్చోబెట్టండి. చప్పుడుకు పాప తిరిగిందో లేదో ఆవిడ కళ్లతో చూస్తే, మీరు వాదించే అవసరం ఉండదు.