తక్కువ తింటే వృద్ధాప్యం ఆలస్యమవుతుందా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. ఎత్తు 170 సెం.మీ., బరువు 68 కిలోలు. బీపీ, షుగర్ లేవు. తిండి తగ్గిస్తే ముసలితనం నెమ్మదిగా వస్తుందని విని, రోజుకు 1200 క్యాలరీలతో సరిపెట్టుకోవాలనుకుంటున్నాను. మంచిదేనా?

జవాబు: తగ్గించండి, కానీ 1200కు వద్దు. కూర్చుని చేసే ఉద్యోగమైతే మీ ఒంటికి రోజుకు సుమారు 2100 క్యాలరీలు కావాలి. అందులో 900 కోసేస్తే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. వయసు మీద పడే కొద్దీ కాపాడుకోవాల్సింది ఆ కండనే.

తిండి తగ్గించిన ఎలుకలు ఎక్కువ కాలం బతుకుతాయని 1935లోనే తేలింది. అమెరికాలో కోతులపై చేసిన రెండు సుదీర్ఘ అధ్యయనాల్లో ఒకటి ఆయుష్షు పెరిగిందంది, మరొకటి లేదంది. ఆ దేశంలోనే ఊబకాయం లేని 200 మందికి పైగా మనుషులపై రెండేళ్లు ‘క్యాలరీ’ అనే ట్రయల్ జరిగింది. 25 శాతం తగ్గించమంటే సగటున 12 శాతమే తగ్గించగలిగారు. అంతమాత్రానికే బీపీ, చెడు కొలెస్ట్రాల్ తగ్గాయి. రక్తంలోని డీఎన్ఏ గుర్తులతో లెక్కగట్టే వృద్ధాప్య వేగం 2-3 శాతం మందగించింది. అలాంటి మరికొన్ని కొలతల్లో మాత్రం మార్పు లేదు. పైగా తుంటి, వెన్నెముక ఎముకల సాంద్రత కొంత తగ్గింది. ఆయుష్షు సంగతి రెండేళ్లలో తేలేది కాదు.

కాబట్టి మీకూ 2100లో 12 శాతం, అంటే సుమారు 250 క్యాలరీల కోత చాలు. రెండు టీస్పూన్ల నూనె మానేస్తే 80, నాలుగు టీస్పూన్ల చక్కెర మానేస్తే మరో 65 దాకా తగ్గుతాయి. మిగతాది పిండి పదార్థాల్లో తగ్గించండి. ప్రోటీన్ జోలికి పోవద్దు. రోజుకు 70-80 గ్రాములు అందాలి, అదీ ఒకే పూట కాకుండా మూడు పూటలా. వారానికి రెండు మూడుసార్లు బరువులతో వ్యాయామం తప్పనిసరి. నడక మంచిదే గానీ కండకు అదొక్కటే చాలదు.

కొన్ని నెలలకు బరువు తగ్గడం ఆగిపోతుంది. తక్కువ తిండికి ఒళ్లు అలవాటుపడి క్యాలరీల ఖర్చు తగ్గించుకుంటుంది. చాలామంది అక్కడే ఇంకా కోసి దెబ్బతింటారు. మీరు 62 కిలోల దగ్గర ఆగిపోండి. ఎప్పుడూ చలిగా అనిపించినా, లేచి నిలబడితే కళ్లు తిరిగినా, జుట్టు బాగా రాలుతున్నా తిండి పెంచాల్సిందే.

ఇది చదివే మిగతావారికి ఒక మాట. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఇప్పటికే సన్నగా ఉన్నవారు, ఎముకలు గుల్లబారినవారు ఈ ప్రయోగం చేయకూడదు. 65 దాటినవారు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు. ఇన్సులిన్ లేదా షుగర్ మాత్రలు వాడుతూ తిండి తగ్గిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. ముందుగా డాక్టర్‌తో మాట్లాడి మందుల డోసు సరిచేయించుకోవాలి.