ఎండిన వాగులో ప్రాణం ఉండదా?

ప్రశ్న: మా ఊరి వాగు ఏటా ఎండాకాలంలో ఎండిపోతుంది. మళ్ళీ నీళ్ళు పారిన కొన్నాళ్ళకే నత్తలు, పీతలు, రకరకాల పురుగులు కనిపిస్తాయి. ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తాయి? "ఎండిన వాగులో ప్రాణమే లేదు, ఇసుక తీస్తే పోయేదేముంది" అంటున్నారు మావాళ్ళు. నిజమేనా?
– ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: నిజం కాదండీ. వాటిలో చాలావరకు అక్కడే ఉంటాయి, మనకు కనిపించవంతే. ఎండిన వాగులో చెలమ తవ్వితే నీళ్ళు ఊరతాయి కదా, ఆ తడి ఇసుకలోకే చిన్నచిన్న పురుగులు, లార్వాలు దిగిపోతాయి. నత్తగుల్ల బురదలో కూరుకుని, మూత బిగించుకుని నెలల తరబడి తిండీ నీళ్ళూ లేకుండా పడి ఉంటుంది. పీత గట్టులో బొరియ తవ్వుకుంటుంది. కంటికి ఆనీ ఆనని రొయ్యజాతి జీవులు కొన్ని తాము చచ్చిపోయినా, ఎండకు తట్టుకునే గుడ్లను మట్టిలో వదిలిపోతాయి. రెక్కలున్నవి ఎక్కడి నుంచో ఎగిరొస్తాయి. వానాకాలంలో గుంపులుగా తిరిగే పసుపు తూనీగ ఉంది చూశారూ, దాని పిల్ల 38 నుంచి 65 రోజుల్లో నీటిలో పెరగడం పూర్తి చేసుకుని పైకొచ్చేస్తుంది, అంటే రెండు నెలలు నిలిచే మడుగు దొరికితే చాలు.

అలాగని నష్టమే లేదనుకోవద్దు. ముందు రాళ్ళ మీద పారే నీళ్ళు ఆగుతాయి, దాంతో పారే నీటికే అలవాటుపడ్డ మేఫ్లై అనే చిన్న రెక్కల పురుగు లార్వాల్లాంటివి మొదట పోతాయి. మిగతావన్నీ మడుగుల్లో ఇరుక్కుంటాయి, నీళ్ళు వేడెక్కుతాయి, ఆక్సిజన్ తగ్గుతుంది, పైగా వేటాడే పురుగులు కూడా ఆ మడుగులోనే ఉంటాయి.

ఏటా ఎండే వాగులో బతికేవి దీనికి అలవాటుపడినవే కాబట్టి తిరిగి కోలుకుంటాయి. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఎన్నడూ ఎండని వాగులు ఎండిపోవడం. అమెరికాలో అరిజోనాలోని ఫ్రెంచ్ జో కాన్యన్‌లో ఇదే జరిగింది. అక్కడి మడుగుల్లో ఎగరలేని ఒక పెద్ద నీటిపురుగు ఉండేది, ఆ జాతిలో గుడ్లను వీపు మీద మోసేది తండ్రి. 2000 తర్వాతి కరువులో మడుగులు ఎండేసరికి అది అక్కడ పూర్తిగా పోయింది, మళ్ళీ నీళ్ళొచ్చాక కూడా తిరిగి రాలేదు. ఎగరలేనిది ఎలా వస్తుంది? విచిత్రమేమిటంటే మొత్తం జాతుల సంఖ్య పెద్దగా తగ్గలేదు, ఉన్న జీవులే మారిపోయాయి. అందుకే లెక్క చూసి అంతా బాగానే ఉందనుకోకూడదు.

ఇక ఇసుక సంగతి. లోతుగా తోడేస్తే పోయేది ఆ తడి పొర, అందులో దాక్కున్న జీవులు, నిద్రపోతున్న గుడ్లు. మీ భూగర్భ జలాలు కూడా. ఇసుక తవ్వకాన్ని నియంత్రించడానికి 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం చేసినది) ఉంది, పంచాయతీలో ఆ మాట గట్టిగా అడగండి.

మావాళ్ళు నమ్మరంటారా, ఎండిన మడుగు అడుగున నాలుగు గుప్పిళ్ళ మట్టి తెచ్చి గాజు సీసాలో వేసి నీళ్ళు పోయండి. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోయేలా ఒక రోజు బయట ఉంచి వాడండి, దోమలు గుడ్లు పెట్టకుండా మూతికి పలచటి గుడ్డ కట్టండి. గుడ్లున్న మట్టయితే వారం, పది రోజుల్లో అందులో ఏదో ఒకటి ఈదుతూ కనిపిస్తుంది.