డ్యూస్ కూపే కారు దొరకట్లేదా? అది మోడల్ పేరు కాదు

అమెరికా సంగీత బృందం బీచ్ బాయ్స్ పాడిన ‘లిటిల్ డ్యూస్ కూపే’, ‘409’ పాటల్లోని కార్ల బొమ్మలు మీ కాలేజీ ఫ్లెక్సీకి ఎలా వెతకాలని అడిగారు. మొదటిది దొరక్కపోవడానికి కారణం, అది ముద్దుపేరు కావడమే. ఆ పాటలోని కారు 1932 ఫోర్డ్. పేకలో రెండు ముక్కని డ్యూస్ అంటారు కదా, 1932 చివరున్న రెండే ఈ డ్యూస్.

అందరూ తప్పేది ఒక్కచోటే: పాట వచ్చిన ఏడాది పెట్టి వెతుకుతారు. మీరూ ‘1963 ఫోర్డ్’ అనే కొట్టారు. అప్పటికి ఆ బండి వయసు 31 ఏళ్లు! కుర్రాళ్లు పాత బండి కొని, మడ్‌గార్డులు పీకేసి, ఇంజను పదునుపెట్టి పందేలకి దింపేవారు. నాకు ఆ పాటలో నచ్చేదే అది, పాతబండి మీద ఆ మమకారం.

1. ‘1932 ఫోర్డ్ కూపే’ అని వెతకండి.
2. అద్దాలు లెక్కపెట్టండి. తలుపులకి చెరొకటి, వెనకొకటి ఉంటే త్రీ విండో. తలుపుల వెనక పక్కలకి ఇంకో రెండుంటే ఫైవ్ విండో. ఆల్బమ్ అట్టమీదున్నది త్రీ విండో, అదే తీసుకోండి.
3. మూడు లాంతర్ల సెంటర్లో ప్రింటుకిచ్చే ముందు తలుపులు చూడండి. కూపే అంటే రెండు తలుపుల కారు. నాలుగుంటే అది కూపే కాదు.

మీరడిగిన రెండోది, ‘409’, కూడా కారు పేరు కాదు. షెవర్లే ఇంజను సైజు, 409 క్యూబిక్ అంగుళాలు, అంటే దాదాపు 6.7 లీటర్లు. దీనికి మాత్రం పాట ఏడాదే పనికొస్తుంది: 1962 షెవర్లే ఇంపాలా బొమ్మ పెట్టేయండి.