బాత్రూంలో జారిపడ్డానని డాక్టరుకి చెప్పాను, ఇప్పుడు కేసు నిలుస్తుందా?

ప్రశ్న: లాయరు గారూ, మాది విజయవాడ సత్యనారాయణపురం. నన్ను గుంటూరు ఇచ్చి పెళ్ళి చేసి ఏడేళ్ళయింది. మా ఆయన తాగొచ్చి కొట్టేవాడు. 2023 ఆగస్టులో కర్రతో తల మీద కొట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాను, ఎడమ చేతిలో చిటికెనవేలు వైపు ఎముక మధ్యలో విరిగింది. ప్రైవేటు నర్సింగ్ హోంలో మూడు రోజులు ఉంచి ప్లేటు వేశారు. అత్తగారు పక్కనే ఉండటంతో జారిపడ్డానని చెప్పాను. కుట్లు తీయించుకోవడానికి వెళ్ళినప్పుడు లేడీ డాక్టరు ఆవిడని బయటికి పంపి అడిగితే ఏడ్చేసి నిజం చెప్పాను, ఆమె ఏదో రాసుకున్నారు. నిరుడు దసరా నుంచి పుట్టింట్లోనే ఉన్నాను. కాగితాలన్నీ అత్తారింటి బీరువాలో ఉండిపోయాయి. మేనమామకి తెలిసిన ఒక డాక్టరు పాత తేదీతో దెబ్బల సర్టిఫికెట్ ఇస్తానంటున్నారు, తీసుకోమంటారా? పోలీసులకి చెప్పని మొదటి డాక్టరు మీద కూడా కేసు వెయ్యొచ్చా?

జవాబు: అమ్మా, మీరు రాసిన నాలుగు పేజీలూ చదివాను. మూడున్నర పేజీలు మీ అత్తగారి మాటలూ, మీ ఆడపడుచు పెట్టిన బాధలే. వాటి గురించి పిటిషన్ రాసేటప్పుడు మాట్లాడుకుందాం. కేసుని నిలబెట్టేది మీరు మధ్యలో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన విషయం: ఆ లేడీ డాక్టరు ఏదో రాసుకున్నారు అన్నది. ఏం రాశారో మీకు తెలీదు, రెండేళ్ళు దాటినా తెలుసుకోలేదు. ఇంత అజాగ్రత్త ఎలా అమ్మా?

రేపు కోర్టులో మీవారి లాయరు ముందు చూపించేది మొదటి రోజు కేస్ షీటే. అందులో జారిపడ్డారని ఉంటుంది, అదీ మీ నోటితో చెప్పిందే. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ ఒక్క కాగితం పట్టుకుని గంటసేపు నిలబెడతారు. దానికి జవాబు, పక్కన అత్తగారు లేనప్పుడు అదే ఆసుపత్రిలో, అవే కుట్లు తీసే రోజున మీరు చెప్పిన మాట. అది ఫైల్లో ఎక్కి ఉంటే, తేదీ, సంతకం ఉంటే, మొదటి మాట భయంతో చెప్పిందని జడ్జి గారికి అర్థమవుతుంది. ఆవిడ మీ అత్తగారిని బయటికి పంపి అడిగిన ఆ రెండు నిమిషాలే ఇవాళ మీకు దక్కిన ఆధారం. ప్రతి డాక్టరూ ఆ పని చెయ్యాలని నా కోరిక.

ఎక్స్‌రే కూడా మీ పక్షాన మాట్లాడుతుంది. జారిపడినవాళ్ళు మామూలుగా అరచెయ్యి నేలకి ఆనించి పడతారు, అప్పుడు ఎక్కువగా మణికట్టు దగ్గర బొటనవేలు వైపు ఎముక విరుగుతుంది. మీకు విరిగింది చిటికెనవేలు వైపుది, అదీ ఒక్కటే, మధ్యలో. తల మీదికి వచ్చే దెబ్బని ముంజేతితో అడ్డుకున్నప్పుడు అలా విరుగుతుందని ఎముకల డాక్టర్లకి బాగా తెలుసు. ఇదొక్కటే రుజువు కాదు, కానీ ఆపరేషన్ చేసిన డాక్టరు బోనెక్కి ఈ మాట చెబితే మీ వాదనకి బలం వస్తుంది. అందుకే ఆయన మీద కేసు ఆలోచన మానుకోండి. జారిపడ్డానని మీరే చెప్పారు, పోలీసులకి ఆయనేమని కబురు పెడతారు? మీకు సాక్షి కావలసిన మనిషిని శత్రువుని చేసుకోకండి.

అలాగని డాక్టర్లకి బాధ్యత లేదని కాదు. 2005 గృహహింస చట్టం 7వ సెక్షన్ ప్రకారం బాధితురాలు అడిగితే వైద్యం చెయ్యాల్సిందే. 2006 నిబంధనల్లో 17వది ఇంకా స్పష్టంగా ఉంది: ముందు గృహహింస రిపోర్టు నమోదు కాలేదని వైద్యం నిరాకరించకూడదు, గృహహింస జరిగిందని బాధితురాలు చెబితే ఆసుపత్రివాళ్ళే ఆ రిపోర్టు, అంటే ఫారం 1, నింపి రక్షణ అధికారికి (ఈ చట్టం కింద బాధితురాళ్ళకి సాయపడటానికి ప్రభుత్వం నియమించే అధికారి) పంపాలి, వైద్య పరీక్ష రిపోర్టు కాపీ ఆమెకి ఉచితంగా ఇవ్వాలి. ఈ రూలు సంగతి చాలా నర్సింగ్ హోముల్లో తెలీదు. మీ లేడీ డాక్టరు ఫారం పంపారేమో రక్షణ అధికారి దగ్గర కనుక్కోండి.

ఇక మేనమామ గారి సర్టిఫికెట్. వద్దు. ఛస్తే వద్దు. ఆ తేదీన మీరు ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు, ఆయన ఓపీ రిజిస్టర్‌లో మీ పేరు ఉండదు, అదే తేదీకి గుంటూరులో మీరు బెడ్ మీద ఉన్నట్టు కేస్ షీటు ఉంటుంది. కోర్టులో దొంగ సాక్ష్యం పెడితే ఏడేళ్ళ దాకా జైలు. ఆ డాక్టరు రిజిస్ట్రేషన్ పోవచ్చు. అన్నిటికంటే ఘోరం, ఆ ఒక్క దొంగ కాగితంతో మీ విరిగిన చెయ్యి కూడా అబద్ధమైపోతుంది. కావాలంటే విజయవాడ ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి ఇవాళ్టి తేదీతోనే పరీక్ష చేయించుకోండి. ప్లేటు ఉందని, చెయ్యి ఇంతే తిరుగుతోందని, ఇంత బరువే ఎత్తగలరని రాయించుకోండి. అది నిజం, నిలుస్తుంది.

గడువు సంగతి జాగ్రత్తగా వినండి. ఇన్‌పేషెంట్ రికార్డుని వైద్యం మొదలైన రోజు నుంచి మూడేళ్ళు దాచాలన్నది మెడికల్ కౌన్సిల్ 2002 నియమం. 2026 ఆగస్టు దాటితే ఫైలు పారేశామంటే మీరేం చెయ్యలేరు. రేపే లిఖితపూర్వకంగా అర్జీ పెట్టండి. పేరు, చేరిన తేదీ, ఇన్‌పేషెంట్ నంబరు గుర్తుంటే అది, కేస్ షీటు, తర్వాత చూపించుకున్న రోజుల నోట్సు, ఎక్స్‌రే, బిల్లులు అన్నీ కావాలని రాసి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. వాళ్ళు అర్జీ తీసుకోం అంటే రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే కోర్టు ద్వారా తెప్పిద్దాం. బీరువాలో కాగితాల కోసం మాత్రం ఒంటరిగా ఆ ఇంటి గుమ్మం ఎక్కకండి.

కేసు విషయానికొస్తే, 2023 నాటి దెబ్బకి పాత శిక్షాస్మృతే (ఐపీసీ) వర్తిస్తుంది. భార్యని హింసించడం మీద ఉన్న 498ఎ సెక్షన్ కింద మూడేళ్ళలోపు ఫిర్యాదు పెట్టాలి, కాబట్టి అదీ ఆగస్టులోపే. ఎముక విరగడం తీవ్ర గాయం, 325 కింద ఏడేళ్ళ దాకా శిక్ష, దానికి ఈ గడువు లేదు. 2024 జులై 1 నుంచి మీరు దసరా దాకా పడ్డవి, ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త న్యాయ సంహిత 85 కిందికి వస్తాయి. గృహహింస చట్టం 12వ సెక్షన్ పిటిషన్‌కి ఏడాది గడువు అడ్డు కాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పేసింది. దాన్ని గుంటూరు వెళ్ళక్కర్లేకుండా, మీరుంటున్న విజయవాడ మేజిస్ట్రేట్ కోర్టులోనే వెయ్యొచ్చు. రక్షణ, మనోవర్తి, ఆపరేషన్ ఖర్చులు, నష్టపరిహారం అన్నీ అందులోనే అడగొచ్చు.

ఫీజుకి డబ్బుల్లేవని రాశారు. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్ళకి ఉచితంగా లాయరుని ఇస్తారు, విజయవాడ కోర్టుల దగ్గర న్యాయసేవా కార్యాలయంలో అడగండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి. వెళ్ళేటప్పుడు స్టాంపు వేయించుకున్న ఆ అర్జీ కాపీ తీసుకెళ్ళండి.