ఓవెన్ సెన్సర్ మార్చబోతున్న మేనకోడలికి

చిరంజీవి చిట్టితల్లికి మామయ్య ఆశీస్సులు.

నీ ఓవెన్‌లో కేకు నడుమ పచ్చిగా ఉండిపోతోందనీ, తెర మీద అప్పుడప్పుడు ‘ఎఫ్ 3’ అని వెలుగుతోందనీ, మెకానిక్ అడిగిన సొమ్ము విని నువ్వే వేడిని కొలిచే కొత్త సెన్సర్ తెప్పించుకొని ఆదివారం బిగించబోతున్నావనీ మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. థర్మల్ విద్యుత్ కేంద్రంలో ముప్ఫై ఏళ్లు ఇలాంటి సెన్సర్ల మధ్యే గడిపిన నాకు, మన ఇంట్లో మరొకరు స్క్రూడ్రైవర్ పట్టబోతున్నారని గర్వం కలిగింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ముందుగా ఒక చీవాటు. కొలవకుండా కొన్నావు. ‘ఎఫ్ 3’ అర్థం కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి నీ ఓవెన్ పుస్తకంలో చూడు. చాలా ఓవెన్లలో అది సెన్సర్ సర్క్యూట్ తెగిందని చెబుతుంది. సర్క్యూట్ అంటే సెన్సర్ ఒక్కటే కాదు, దాని తీగలూ కనెక్టరూ కూడా. మీ అమెరికా ఓవెన్లలో ఎక్కువగా వాడేది సన్నని ఉక్కు గొట్టంలో దాచిన ప్లాటినం సెన్సర్. సున్నా డిగ్రీల సెల్సియస్ వద్ద దాని నిరోధం 1000 ఓమ్‌లు, ఆపై డిగ్రీకి సుమారు 3.85 చొప్పున పెరుగుతుంది. కనెక్టర్ పిన్నులు మాడి 80 ఓమ్‌లు అదనంగా చేరితే చాలు, లోపల ఉన్నదానికన్నా ఇరవై డిగ్రీలు ఎక్కువ వేడి ఉందని ఓవెన్‌ను నడిపే బోర్డు భ్రమపడి హీటరును ముందే ఆపేస్తుంది. కేకు పచ్చిగా మిగలడమూ, కోడ్ వచ్చి పోవడమూ రెండూ కలిపి చూస్తే నా అనుమానం ఆ కనెక్టరు మీదే.

ఇక నా నిద్ర చెడగొట్టిన సంగతి. మీ అమ్మ పెళ్లికి ముందు సంవత్సరం, మన ఇంట్లో మూతకు గాజు బిళ్ల ఉన్న గుండ్రటి అల్యూమినియం ఓవెన్ ఉండేది. దాని కాయిల్ ఒకచోట సాగి వేలాడుతోందని, స్విచ్ ఆపి, ప్లగ్గు తీయకుండానే, అప్పుడే కడిగిన గచ్చు మీద చెప్పులు లేకుండా కూర్చొని వేలితో కాయిల్‌ను సర్దబోయాను. వైరింగ్ చేసినవాడు స్విచ్‌ను కరెంటు తెచ్చే ఫేజు తీగకు బదులు, తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగలో పెట్టాడని అప్పటికి మాకెవరికీ తెలియదు. స్విచ్ ఆపితే కాయిల్ చల్లబడేది గాని, అందులో 230 వోల్టులు అలాగే ఉండేవి. వేలు అంటుకుపోయింది, నోట మాట రాలేదు. చపాతీలు చేస్తున్న మీ అమ్మ అప్పడాల కర్రతో నా మణికట్టు మీద బలంగా కొట్టి విడిపించింది. ఎముక చిట్లింది, ప్రాణం దక్కింది. షాకు కన్నా సిగ్గు ఎక్కువైంది నాకు. ఉద్యోగంలో పర్మిట్ చేతికి రానిదే, మీటరుతో సున్నా చూడనిదే ప్యానెల్ ముట్టని వాణ్ణి, సొంత వంటింట్లో స్విచ్ మాట నమ్మాను. వాన పడ్డప్పుడు ఆ మణికట్టు ఇప్పటికీ లాగుతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ ఓవెన్‌కు వచ్చే 240 వోల్టులు రెండు లైవ్ తీగల (ఫేజు లాంటివే) మీద వస్తాయి. ఓవెన్ ఆఫ్ చేసినప్పుడు చాలా మోడళ్లలో ఒక తీగే తెగుతుంది, రెండోది హీటరు దాకా అలాగే ఉంటుంది. నా వేలు అంటుకున్నది సరిగ్గా అలాంటి ‘ఆఫ్’కే. సెన్సర్ తీగల్లో ఉండేది కొద్దిపాటి వోల్టేజే, కాని వెనుక రేకు విప్పితే హీటరు టెర్మినళ్లు పక్కనే ఉంటాయి. కాబట్టి బ్రేకరు ఆపు, ఓవెన్‌ను ముందుకు జరిపి గోడలోని ప్లగ్గు కూడా లాగు, ఆ ప్లగ్గును నీ కళ్లకు కనబడేలా నేల మీద పెట్టుకో. చెప్పులు వేసుకో.

మిగిలింది చిన్న పని. ఓవెన్ చల్లారాక లోపల వెనుక గోడకున్న రెండు స్క్రూలు తీసి సెన్సర్‌ను మెల్లగా ముందుకు లాగు. కనెక్టర్ బయటికి రాగానే గోడ వైపు తీగకు బట్టల క్లిప్పు పెట్టు, లేకపోతే అది గాజు ఉన్నిలోకి జారిపోతుంది. కనెక్టర్ ఊడదీసి సెన్సర్ వైపు పిన్నులకు మీటరు పెడితే గది వేడికి 1080 నుంచి 1100 ఓమ్‌ల దాకా చూపాలి. గొట్టాన్ని గుప్పిట్లో పట్టుకుంటే అంకె నెమ్మదిగా మరో ముప్ఫై ఓమ్‌ల దాకా పెరగాలి. అసలు చూపకపోతే సెన్సర్ తెగినట్టే. అంకె సరిగ్గా ఉంటే పాతదాన్ని పారేయకు, కనెక్టరు పిన్నులు నల్లబడ్డాయేమో చూడు. కొత్తది ప్లగ్గు లేకుండా వస్తే వేడికి తట్టుకొనే పింగాణీ కనెక్టర్లే వాడు, ఇన్సులేషన్ టేపు చుట్టకు.

ఓవెన్‌ను వెనక్కి తోసేటప్పుడు, ఒరిగిపోకుండా నేలకు బిగించిన బ్రాకెట్‌లోకి వెనుక కాలు సరిగ్గా దూరిందో లేదో వంగి చూడు. మీ పిల్లవాడు తెరిచిన తలుపు మీదికి ఎక్కుతున్నాడని మీ అమ్మ చెప్పింది. ఆ కాలు కుదరకపోతే పొయ్యి మొత్తం వాడి మీదికి ఒరుగుతుంది.

మీటరులో వచ్చిన అంకె నాకు పంపాకే కొత్తది బిగించు. అప్పుడు ఇక్కడ అర్ధరాత్రి అవుతుంది, ఫోను దిండు పక్కనే పెట్టుకుంటాను.

మీ మామయ్య