ఉబ్బసం మీద పరిశోధన చేస్తానంటోంది, పంపించమంటారా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. అమ్మాయి ప్లస్ టూ సైన్స్ రెండో ఏడు. చిన్నప్పటి నుంచి ఉబ్బసం. చలికాలం పిల్లికూతలతో రాత్రంతా కూర్చునే తెల్లవారుస్తుంది. ప్రొటీన్ తయారు చేయని ఆర్‌ఎన్‌ఏలకూ ఈ జబ్బుకూ సంబంధం ఉందని చదివి, నీట్ వద్దు, దాని మీదే పరిశోధన చేస్తానంటోంది. తిండి పెట్టే చదువేనా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ అమ్మాయి మంచి ప్రశ్నే పట్టుకుంది. మన డీఎన్‌ఏలో ప్రొటీన్లకు కోడ్ ఉన్న భాగం 2 శాతం లోపే. మిగతా భాగం నుంచి పుట్టే ఆర్‌ఎన్‌ఏల్లో కొన్ని, ఏ జన్యువు ఎంత పనిచేయాలో అదుపు చేస్తాయి. వాటిలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు మరీ చిన్నవి, సుమారు 22 అక్షరాల పొడవు. వాటిని కనుగొన్నందుకే 2024లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు నోబెల్ ఇచ్చారు.

ఉబ్బసం ఉన్న చాలామందిలో టీహెచ్2 అనే రోగనిరోధక కణాలు అతిగా రెచ్చిపోతాయి. అవి వదిలే సంకేత ప్రొటీన్లలో ఐఎల్-5 వల్ల ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు పెరుగుతాయి, ఐఎల్-13 వల్ల కఫం పెరుగుతుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ-21 అనేది, టీహెచ్2ను అదుపులో ఉంచే ఐఎల్-12 అనే మరో సంకేత ప్రొటీన్‌ను అణచి, టీహెచ్2 వైపు మొగ్గు పెంచుతుంది. అది లేని ఎలుకల్లో అలర్జీ వచ్చినా ఊపిరితిత్తుల్లో ఇసినోఫిల్స్ తగ్గాయి. ఇందులోంచి ఉబ్బసానికి మందు ఇంకా రాలేదు. అందుకే ఇన్‌హేలర్ మాత్రం మానకూడదని గట్టిగా చెప్పండి.

చదువుకు దూరం పోనక్కర్లేదు. బరంపురంలో 2016 నుంచి ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ ఉంది, డిగ్రీ, పీజీ కలిపి ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ కోర్సు. దానికి ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. సరిహద్దులో ఉన్న మనకు ఎప్పుడూ ఉండే లోకల్, నాన్‌లోకల్ తలనొప్పి ఇక్కడ లేదు, రాష్ట్రాల వారీ కోటా ఉండదు. భువనేశ్వర్ దగ్గర అలాంటిదే ఇంకో సంస్థ నైసర్‌కు నెస్ట్ అని వేరే పరీక్ష.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. పీహెచ్‌డీ కూడా కలిపితే పదేళ్లు పడుతుంది. మధ్యలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. ఆ తర్వాత కూడా పర్మనెంట్ ఉద్యోగానికి గట్టి పోటీ. అందుకే మొదటి ఏడాది నుంచే స్టాటిస్టిక్స్, పైథాన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోమనండి. ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ (కణాల్లోని ఆర్‌ఎన్‌ఏల అక్షరాల వరసను చదవడం) డేటాను చదవగలిగిన వాళ్లకు ల్యాబుల్లోనూ, కంపెనీల్లోనూ పని ఉంటుంది. ఇంత ఇరుకైన అంశాన్ని ఇప్పుడే ఖాయం చేసుకోవద్దు, ముందు ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం) పునాది పడనివ్వండి.

ప్లస్ టూలో మ్యాథ్స్ ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోయినా ఐఏటీ రాయొచ్చు, కానీ అందులో మ్యాథ్స్ ప్రశ్నలూ బయాలజీతో సమానంగా వస్తాయి. ఈ వారమే పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ మ్యాథ్స్ పుస్తకం తెప్పించండి.